కాటా ఆగిన పొద్దు

మొన్న మా అక్క కూతురు సింధు బెంగళూరు నుంచి వచ్చి నా దగ్గర కొన్నాళ్లు ఉండింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ల్యాప్‌టాప్ ముందర పెట్టుకుని, "పిన్నీ, ఇది శానా నిదానమైపోయింది. రిజిస్ట్రీ క్లీనరని ఒగటి ఉచితంగా వస్తాండాది. వేసుకోనా?" అని అడిగింది. ఆ మాట చెవిన పడగానే, చేతిలోని తమలపాకు అక్కడే వదిలేసి ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో నాకే ఒక నిమిషం తెలియలేదు.

"దాన్ని చేసినోళ్లు ఎవురో తెలుసా? వాళ్ల సొంత సైటులో నుంచే తీసుకుంటాండావా, యాడనో కనిపించిన బొమ్మ మీద నొక్కుతాండావా? ముందు రిస్టోర్ పాయింట్ పెట్టినావా? నీ ఫైళ్లు వేరే డిస్కులోకి ఎత్తి పెట్టుకున్నావా?" అని గుక్క తిప్పుకోకుండా అడిగాను. పిల్ల నా మొహం చూసి నవ్వింది. "ఒగ సాఫ్ట్‌వేర్‌కు ఇంత భయమా పిన్నీ?" అంది. అక్కరలేని ప్రోగ్రాములు నేనే ఒక్కొక్కటి తీసేసి, డిస్కులో కాస్త చోటు చేసి ఇచ్చాను. దాంతోనే అది సరిపోయింది. క్లీనర్ జోలికి పోలేదు. నా భయం ఎక్కడిదో ఆమెకు చెప్పాలనుకుని ఆ పూట చెప్పలేకపోయాను. ఆ భయం పుట్టిన రోజు ఆమె ఇంకా తల్లి కడుపులో ఉండింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది బళ్లారి దిక్కు సిరిగేరి. కాలువ నీళ్లు, వరి మళ్లు, కంటికి ఎప్పుడూ పచ్చదనమే. పార్వతక్కను సండూరు పక్కన తారానగర్‌కు ఇచ్చినప్పుడు అక్కడి ఎరుపు చూసి మా అమ్మ బిత్తరపోయింది. ఇనుప ఖనిజం గనుల కాలం అది. ఇంటి గోడలు ఎరుపు, గేదె వీపు ఎరుపు, ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఎరుపు. అక్క మామగారు ఎర్రిస్వామి మామ అంతకుముందు జొన్న, వేరుశనగ పండించిన మనిషి. గనులు లేచాక లారీలు కొన్నాడు, ఇంటి ముందరి చేనులో లారీలు తూచే కాటా పెట్టించాడు. గని నుంచి ఖనిజం నింపుకుని దిగే ప్రతి లారీ మా కాటా మీదికెక్కి, బరువు తూయించుకుని, అచ్చు వేసిన చీటీ తీసుకుని సండూరు దిక్కుకు పోవాలి. ఆ చీటీ లేకపోతే ముందర చెక్‌పోస్టులో నిలబెట్టేస్తారు. ఖాళీ లారీలు తిరిగి గనికి పోయేది వేరే దారి. కాటా పక్కన రేకుల గది, ఆ గదిలో కంప్యూటర్. గదికి వెనకాల ఇల్లు.

ఆ ఇంట్లో పొద్దు చీపురుతో మొదలయ్యేది. మా అత్త, అంటే అక్కకు అత్త, లేచీ లేవగానే వాకిలికి నీళ్లు చల్లేది. ఆ తడి మట్టి వాసనలో డీజిల్ వాసన కలిసి వచ్చేది. నేను ఎన్ని ఊళ్లు తిరిగినా ఆ రెండూ కలిసిన వాసన మళ్లీ ఎక్కడా రాలేదు. పొయ్యి మీద బొరుగుల ఉగ్గానికి తాలింపు పడేసరికి లారీల హారన్లు మొదలయ్యేవి. వంటింట్లో అత్త డబ్బాలన్నీ ఒకే రకానివి, పాలపొడి డబ్బాలు. దేని మీదా పేరు ఉండదు. ధనియాలపొడి ఏదో, సున్నిపిండి ఏదో ఆమెకు చేతికి తెలుసు. నేను ఒకసారి వాటిని వరసగా సర్దబోతే, "పాపా, నీ పని నీకు సక్కగ కనిపిస్తాది, నా కూర నాశనమైతాది. ముట్టాకు" అంది. మామ మాట తక్కువ మనిషి. ఆయన పంచలో కూర్చుంటే ఎవరూ గట్టిగా మాట్లాడరు. అన్నం తినేటప్పుడు కూడా కంచం వైపే చూస్తాడు. ఆయన కొడుకు మల్లికార్జున, మా మల్లి బావ, మెత్తని వాడు. తండ్రి ఎదురుగా ఆయన నోరు విప్పగా నేను చూడలేదు. ఏం చెప్పాలన్నా అత్త చేత చెప్పించేవాడు. అక్క నాతో ఒకసారి, "నీ బావ మంచోడే మే, కానీ ఈ ఇంట్లో ఆయన గొంతు ఎట్లుంటాదో నాకింగా తెల్దు" అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నేను బళ్లారిలో కంప్యూటర్ కోర్సు ముగించుకుని ఖాళీగా ఉన్నాను. అక్కకు నెలలు నిండుతున్నాయని, తోడుగా ఉండి తొమ్మిదో నెలలో సిరిగేరికి తోలుకొని రమ్మని అమ్మ నన్ను పంపింది. వచ్చినదాన్ని ఊరికే ఉండలేక కాటా గదిలో కూర్చోవడం మొదలుపెట్టాను. మామకు అది ఇష్టం లేదు. ఆడపిల్ల లారీ డ్రైవర్ల మధ్య కూర్చోవడమేంది అన్నట్టు గొంతు సవరించుకునేవాడు. అయినా చీటీలు తప్పు లేకుండా వస్తున్నాయి కాబట్టి వద్దనలేదు. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి పెట్టినా కీబోర్డు సందుల్లో ఎర్రటి దుమ్ము గడ్డకట్టేది. అది రోజురోజుకూ నిదానమయ్యేది. బావకు ఓపిక తక్కువ. లారీ ఎక్కాక బరువు తెర మీద కనిపించడానికి ఆలస్యమైతే కుర్చీలో అటూ ఇటూ కదిలేవాడు. అప్పుడే ఇంటర్నెట్ పెట్టించారు. దాంతో తెర మీద ఎర్ర అక్షరాలతో ఒక బొమ్మ రావడం మొదలైంది. మీ కంప్యూటర్లో వందల తప్పులున్నాయి, రిజిస్ట్రీ చెడిపోయింది, ఇప్పుడే బాగు చేసుకోండి అని.

బావ దాన్ని చూసి అడిగాడు, ఏంది రత్నా ఇది అని. బళ్లారిలో మా సారు చెప్పిందే నేను ఆయనకు చెప్పాను. రిజిస్ట్రీ అంటే కంప్యూటర్ తన గుర్తులన్నీ పెట్టుకునే చోటు. ఏ ప్రోగ్రాము ఎక్కడ ఉంది, ఏ తీగ ఎక్కడ తగిలించారు, ఎవరికి లైసెన్సు ఉంది, అన్నీ అక్కడే. దాన్ని ఊడ్చినంత మాత్రాన కంప్యూటర్ పరుగెత్తదు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు భయపెట్టి అమ్మే క్లీనర్‌ను అసలు నమ్మకూడదు. తప్పదనుకుంటే మంచి పేరున్నది చూసుకుని, ముందు రిజిస్ట్రీకి ఒక కాపీ తీసి దాచుకుని, అది చూపించిన వరసంతా చదివి, మనకు తెలియనిదాని మీద టిక్కు తీసేసి, కొంచెం కొంచెంగా చేసుకోవాలి. అన్నీ ఒకేసారి తీసెయ్ అనేదాన్ని మాత్రం నొక్కకూడదు. బావ అంతా విని తల ఊపాడు. "మా అమ్మ డబ్బాల మాదిరి అన్నమాట" అన్నాడు. అర్థమైందనుకున్నాను.

ఆ పొద్దు అక్క లేవలేదు. నడుము లాగేస్తోందంది. నేను వేడినీళ్ల గుడ్డతో కాపడం పెడుతూ లోపలే ఉండిపోయాను. కాటా దగ్గర బావ ఒక్కడే. మామ హొసపేట పోయాడు. కాసేపటికి బయట హారన్లు మోగడం మొదలై, ఆగడం లేదు. మామూలుగా ఒకటి మోగి, లారీ కదిలి, ఇంకొకటి మోగేది. ఇప్పుడు అన్నీ కలిసి ఒకటే మోత. అక్క చెవులు మూసుకుంది. అంతలోనే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మే రత్నా, ఇది నడుము నొప్పి కాదే" అంది. చీర తడిసిపోయింది. వంటింట్లోంచి అత్త వచ్చి ఒక్కసారి చూసి, "పాపా, బిన్నా పో. వాన్ని జీపు తీయమను. ఇంట్లో అయ్యేపని కాదు, ఇంగా నెలలు నిండలేదు" అంది. ఆమె గొంతు వణకలేదు గానీ, కొంగు రెండుసార్లు దోపుకుంది.

నేను వాకిట్లోకి పరుగెత్తి ఆగిపోయాను. జీపు ఇంటి పక్కన చింతమాను కింద ఉంది. దాని ముందర లారీ, దాని ముందర ఇంకో లారీ. గని దారి వంపు తిరిగేదాకా లారీలే. ఒకదాని మూతి ఇంకోదాని వీపుకు తగిలి ఉంది. ఒక పక్క కాలువ గుంత, ఇంకో పక్క మా ప్రహరీ. సైకిలు కూడా దూరేలా లేదు. రేకుల గది ముందర డ్రైవర్లు గుమిగూడారు. "ఏనాయ్తు మల్లన్నా, యావాగ బిడ్తీరి?" అని ఒకడు, ఏమైంది, ఎప్పుడు వదులుతావని ఇంకొకడు, అరుస్తున్నారు.

గదిలో బావ చొక్కా వీపంతా తడిసి ఒంటికి అతుక్కుని ఉంది. తెర మీద కాటా ప్రోగ్రాము తెరుచుకోలేదు. లైసెన్సు లేదు, పోర్టు దొరకలేదు అని ఇంగ్లీషులో ఒక చిన్న పెట్టె. కాటా మీద లారీ నిలబడే ఉంది. పక్కనున్న మీటరులో బరువు ఎర్రటి అంకెల్లో కనిపిస్తూనే ఉంది. కానీ అది కంప్యూటర్లోకి రావడం లేదు, చీటీ అచ్చు కావడం లేదు.

"బావా, అక్కకు నొప్పులు వచ్చినాయి" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. ఆ మొహం ఇప్పటికీ మరిచిపోలేను. "నేను ఆ క్లీనర్ వేసినా రత్నా. నిదానంగా ఉండాదని వేసినా. అన్నీ ఎర్రగా చూపించె. అన్నీ తీసెయ్ అని నొక్కితిని. మళ్ల స్టార్టు చేస్తే ఇట్లయింది" అన్నాడు. అంటూనే మౌసు మీద చెయ్యి వేశాడు. తెర మీద ఇంకో బొమ్మ, పూర్తిగా బాగు కావాలంటే పెద్ద ప్రోగ్రాము వేసుకోండి అని. నేను ఆయన చేతిని పక్కకు తోసేశాను. "ముట్టాకు బావా. ఇంగేమీ నొక్కాకు. నువ్వు అక్కను చూసుకో."

అప్పుడే ఫోను మోగింది. మామ. కాటా ఆగిందని ఎవరో అప్పుడే చెప్పేశారు. ఆయన గొంతు గది బయటికి వినబడింది. "కాటా నడిచేదాకా యాడికీ కదలాకు. చీటీ లేకుండా ఒగ బండి పోయినా మన కాటాకు సీలు వేస్తారు. తెలిసిందా?" బావ ఫోను చెవికి పెట్టుకుని నిలబడిపోయాడు. అక్కకు నొప్పులని ఆయన చెప్పాలి. నోరు తెరిచాడు. మాట రాలేదు. అవతల ఫోను పెట్టేశారు. ఇంట్లోంచి అక్క అరుపు వినబడింది. హారన్ల మోతలో కూడా వినబడింది.

నేను గది కిటికీలోంచి చూశాను. వెనక అంతా లారీలు. కానీ కాటా మీద నిలబడిన లారీకి ముందర ఏమీ లేదు. కాటా ఆగిపోయింది కాబట్టే ఒక్క బండీ ముందుకు పోలేదు. సండూరు దాకా రోడ్డు ఖాళీ. "బావా, ఆ లారీలో పొండి" అన్నాను.

ఆ లారీ మాబుది. గడ్డం నెరిసిన మనిషి, ఎక్కువ మాట్లాడడు. బావ గదిలోంచి దూకినట్టే బయటికొచ్చి అతని చేతులు పట్టుకున్నాడు. మాబు కాటా వైపు చూశాడు, వెనకాల నింపిన ఖనిజం వైపు చూశాడు. "చీటీ లేదు మల్లన్నా. చెక్‌పోస్టులో బండి పట్టుకుంటే నా పని అయిపోతాది" అన్నాడు. అంటుండగానే అత్త, అక్కను భుజానికి ఆనించుకుని వాకిట్లోకి తెచ్చింది. అక్క కళ్లు మూసుకుని ఉంది. పెదవి కొరుక్కుంటే నెత్తురు వచ్చింది. మాబు ఆమెను చూశాడు. ఇంకేమీ అనలేదు. క్యాబిన్ తలుపు తెరిచి, సీటు మీద తన దుప్పటి పరిచి, "జల్దీ ఆవ్ మా, జల్దీ" అన్నాడు. లారీ మెట్టు ఎత్తు. అక్క కాలు అందలేదు. అప్పటిదాకా అరుస్తున్న డ్రైవర్లలో ఒకడు టీ కొట్టు నుంచి బల్ల లాక్కొచ్చి వేశాడు. బావ అక్కను ఎత్తుకుని ఎక్కాడు. అత్త వెనకాలే. బావ తలుపు వేసుకుంటూ గది వైపు, నా వైపు చూశాడు. కాటాను నా మీద వదిలేసి పోతున్నాడు. మామ మాట దాటి పోతున్నాడు. నేను చెయ్యి ఊపాను, పొమ్మని. ఎర్రటి దుమ్ములో లారీ కనబడకుండా పోయింది.

ఇంకో లారీ వచ్చి కాటా మీద నిలబడింది. హారన్లు ఆగాయి. అందరూ గది ముందర నిలబడి నన్నే చూస్తున్నారు. ఆ నిశ్శబ్దం నాకు హారన్ల కంటే భయంగా ఉండింది. "అమ్మా, నీకు వస్తాదా ఇది?" అన్నాడొకడు. వస్తుందని చెప్పాను. నాకు తెలియదు. ఆ క్లీనర్ పోతూ పోతూ పాత గుర్తులకు ఒక్క కాపీ కూడా ఉంచలేదు. మిగిలింది ఒకటే దారి, కంప్యూటర్‌ను వెనకటి రోజుకు తీసుకుపోయే సిస్టమ్ రిస్టోర్. చోటు కలిసొస్తుందని దాన్ని ఆపేసేవాళ్లు చాలామంది. ఈ ఇంట్లో ఎవరైనా ఆపేశారో, లేదో తెలియదు. మౌసు పట్టుకుని దాన్ని తెరిచాను. తెర మీద క్యాలెండరు వచ్చింది. రిస్టోర్ పాయింట్ ఉన్న తేదీలు మందంగా కనిపిస్తాయి. ఆ నెలంతా సన్నటి అంకెలే. వెనక్కి తిప్పితే ముందటి నెల చివర్లో ఒక్క తేదీ మందంగా ఉంది. ప్రింటరు కొత్తగా తగిలించినప్పుడు కంప్యూటర్ తనంతట తానే పెట్టుకున్న గుర్తు. దాని మీద నొక్కాను. ఇక ఇది ముగిసేదాకా కరెంటు పోకూడదు, ఎవరూ ఏదీ నొక్కకూడదు అని తెర మీద వచ్చింది. నీలం రంగు గీత కదలడం మొదలైంది.

గీత సగం దాటిందో లేదో కరెంటు పోయింది.

ఫ్యాను ఆగిపోయింది. బల్ల కింద యూపీఎస్ కూత వేయడం మొదలుపెట్టింది. దాని బ్యాటరీ పాతది, ఎప్పుడు పడిపోతుందో తెలియదు. నడిమధ్యలో ఆరిపోతే ఇక కంప్యూటరే లేవదు. నేను కుర్చీలోంచి లేవకుండానే బయటికి కేక పెట్టాను. "అన్నా, జనరేటర్ వేయండన్నా! ఇది ఆరిపోతే సాయంత్రం దాకా మీరంతా ఈడనే!" ఒక్క నిమిషం ఎవరూ కదలలేదు. తర్వాత అడుగుల చప్పుడు. జనరేటర్ హ్యాండిలు తిప్పుతున్న మూలుగు వినబడింది. తిరిగింది, ఆగింది. తిరిగింది, ఆగింది. "ఇన్నొందు సారి హొడియో!" అని, ఇంకోసారి తిప్పమని, ఎవరో అరిచారు. యూపీఎస్ కూత దగ్గర దగ్గరగా వస్తోంది. అక్క పోయిన దారి వైపు నేను చూడలేదు. చూస్తే ఏడ్చేస్తానని తెలుసు. గీతనే చూస్తూ కూర్చున్నాను. జనరేటర్ దగ్గింది, పొగ కక్కింది, పట్టుకుంది. ఫ్యాను మళ్లీ తిరిగింది.

కంప్యూటర్ తనంతట తాను ఆగి మళ్లీ లేచింది. కాటా ప్రోగ్రాము మీద నొక్కాను. తెరుచుకుంది. కాటా మీదున్న లారీ బరువు తెర మీదికి వచ్చింది. ప్రింటరు చీటీ కక్కుతున్న చప్పుడు వినగానే బయట అందరూ ఒక్కసారి అరిచారు. నేను మాత్రం ఆ చీటీ చింపి ఇచ్చి, తలను బల్ల మీద ఆనించుకున్నాను.

మాబు మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. చెక్‌పోస్టు దగ్గర ఆపారట. క్యాబిన్‌లో అక్కను చూసి గేటు ఎత్తేశారట, తూయించుకొని రమ్మని అతనికి గట్టిగా చెప్పి. ఆయమ్మను సండూరు ఆస్పత్రిలో దించినాను, ఇంగా ఏమీ తెల్దు అన్నాడు. ఆ లారీ కాటా ఎక్కడానికి వరసలో మిగిలిన నాలుగైదు బళ్లూ గుంతలోకి దిగుతాయేమో అన్నంతగా పక్కకు ఒరిగి దారి ఇచ్చాయి. నేను అతనికీ వాళ్లకూ చీటీలు ఇచ్చి, గదికి తాళం వేసి, అదే లారీలో సండూరు పోయాను.

ఆస్పత్రి వరండాలో బావ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అత్త చేతిలో గుడ్డల మూట. ఆ మూటలో పిల్ల, పిడికెడంత. ఇంకాసేపు ఆలస్యమైతే తల్లీ పిల్లా ఇద్దరూ దక్కేవాళ్లు కారని నర్సమ్మ చెప్పిందట. అక్క పరదా అవతల పడుకుని ఉంది. నేను ఆమె దగ్గరికి పోబోతుంటే మామ వచ్చాడు. హొసపేట నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చెప్పులు కూడా విప్పలేదు. పిల్లను చూశాడు, ఊపిరి వదిలాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అప్పుడే అనుకుంటి. ఆడపిల్లను మిషను ముందర కూర్చోబెడితే ఇంతేనని. ఏం నొక్కితివి పాపా నువ్వు? ఒగ మనిషి ప్రాణం మీదికి తెస్తివే" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు బావ లేచి నిలబడ్డాడు.

"నాయనా, నొక్కింది నేను" అన్నాడు.

మామ వినబడనట్టు చూశాడు.

"నేనే నొక్కినా. రత్న ముందే చెప్పింది, దాని జోలికి పోవద్దని. నేను ఇనలేదు. పార్వతికి నొప్పులని ఫోన్లో నీతో చెప్పాల్సింది, చెప్పలేకపోతి. నువ్వేమంటావో అని. రత్న లేకపోతే ఈ పొద్దు నాకు వీళ్లిద్దరూ లేరు. ఆ పాపను ఒగ మాట అనాకు."

వరండాలో ఉన్నవాళ్లంతా అటే చూశారు. బావ గొంతు పెద్దది కాదు. కానీ ఆయన తలెత్తి, తండ్రి కళ్లలోకి చూస్తూ మాట్లాడాడు. మామ బెంచీ మీద కూర్చుని, వంగి, నిదానంగా చెప్పులు విప్పుకున్నాడు. "బిడ్డను ఇట్లియ్యి" అన్నాడు అత్తతో.

గనులు మూతపడ్డాయి. కాటాను విప్పి ఇనుముకు ఇచ్చేశారు. మామ పోయాడు. ఆ చేనులో బావ మళ్లీ జొన్న వేస్తున్నాడు, వానలు పడితే ఆకు ఆకుపచ్చగానే ఉంటుంది. రోడ్డు వెడల్పయింది, అంబులెన్సు ఇంటి వాకిట్లోకే వస్తుంది. అప్పుడు ఆ ఊరికి వచ్చిన డబ్బు, ఆ ఊపు మళ్లీ రావని వాపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకు మాత్రం ఆ రోజుల్లో నెమ్మదిగా తెల్లారిందే లేదు, ఉరకడమే ఉండింది అనిపిస్తుంది. అందరం ఏదో ఒకదాన్ని తొందరగా తుడిచేసి ముందుకు పోవాలనే చూశాం.

సింధు వెళ్లిపోయాక అక్కకు ఫోను చేశాను. ఆ పొద్దు నీకేం గుర్తుందని అడిగాను. లారీ ఎక్కింది గుర్తు లేదంది. నొప్పులు గుర్తు లేవంది. ఫోనులో కోడి కూత వినబడింది.

"పరదా అవతల ఎవురో మాట్లాడుతాండారు మే. ఎవురబ్బా ఈయప్ప, ఇంత ధైర్యంగా మాట్లాడుతాండాడు అనుకుంటి" అంది అక్క. "శానాసేపటికి గానీ అది నా మొగుని గొంతని తెలియలేదు."